గోరేబాళ రోడ్డు మీద ఒగ్గరణి హోటలు

పోయిన సంక్రాంతికి పిల్లలంతా క్యాంపుకి వచ్చినప్పుడు మా పెద్ద మనవడు ఓ ప్రశ్న వేశాడు. "అమ్మమ్మా, మనూళ్ళో అన్నిటికంటే పాత రెస్టారెంటు ఏది?" అని. రెస్టారెంటు అనేసరికి నాకు నవ్వొచ్చింది. "రెస్టారెంటు లేదు గానీ ఒక హోటలుంది, పద" అని పొద్దున్నే ఆరున్నరకి తీసుకెళ్ళాను. ఒగ్గరణి, మిర్చి బజ్జీ పెట్టించాను. వాడు రెండు ప్లేట్లు తిని, "దీని హిస్టరీ ఏంటి?" అన్నాడు. అక్కడ బల్ల దగ్గర చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. మన వాళ్ళు ఇప్పుడు సింధనూరు నుంచి సియాటెల్ దాకా ఉన్నారు కదా, అందరూ చదువుకుంటారని.

తాతయ్యల కాలం నాటి పొలాల సంగతి, క్యాంపులో రామాలయం కట్టిన సంగతి మనలో చాలామందికి తెలుసు. హోటలు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఇడ్లీ, బజ్జీలకి చరిత్రేమిటి అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ అభిప్రాయం మారింది అమెరికాలో, ఒక పిజ్జా హోటల్లో కూర్చున్నప్పుడు.

2023లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకరోజు న్యూ హేవెన్ అనే ఊరికి తీసుకెళ్ళింది. అక్కడ వూస్టర్ స్ట్రీట్ అని ఒక వీధి. ఆ వీధిలో ఫ్రాంక్ పెపే పిజ్జా హోటలుంది. 1925లో పెట్టింది. బయట జనం వరసలో నిలబడి ఉన్నారు. మాకు చోటు దొరికేసరికి ముప్పావుగంట పట్టింది. లోపల చెక్క బల్లలు, ఎదురెదురుగా ఎత్తు వీపుల బెంచీలు. వెనకాల గోడలో ఇటుకల పొయ్యి, అందులో బొగ్గు మంట. మన పడవ తెడ్డు అంత పొడుగు కర్ర పలకల మీద పిజ్జాలు లోపలికి తోస్తున్నారు, తీస్తున్నారు. పిజ్జా గుండ్రంగా కూడా లేదు. ఒక పెద్ద రేకు పళ్ళెంలో కాగితం పరిచి వంకరటింకరగా ఉన్నది పెట్టి ఇచ్చారు. అంచులు నల్లగా మాడాయి. "మాడిపోయిందే" అన్నాను. "అలాగే ఉండాలమ్మా, దానికోసమే ఇంత జనం" అంది మా అమ్మాయి.

నాకు తెలిసిన పిజ్జా వేరు. 1996లో పిజ్జా హట్ బెంగళూరులో మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకి పిల్లల హాస్టలుకి వెళ్ళినప్పుడు తిన్నాను, మెత్తటి రొట్టె మీద గుప్పెళ్ళ కొద్దీ చీజు. పెపే వాళ్ళ అసలు పాత పిజ్జాలో ఆ చీజు లేనే లేదు. టమాటా, ఆలివ్ నూనె, పైన కాస్త తురిమిన గట్టి చీజు, అంతే. కరిగే చీజు కావాలంటే విడిగా అడగాలట. ఆ సముద్రతీరంలో దొరికే ఆలుచిప్పల మాంసం, వెల్లుల్లి వేసి చేసే తెల్ల పిజ్జా వాళ్ళకి పేరు తెచ్చింది. నేను మాత్రం టమాటాదే తిన్నాను.

తింటుంటే అమ్మాయి ఆ హోటలు కథ చెప్పింది. ఫ్రాంక్ పెపే ఇటలీ దక్షిణాన, సముద్రం ఒడ్డున మయోరీ అనే ఊళ్ళో పుట్టాడు. 1909లో, ఇంకా మీసాలు సరిగ్గా రాని వయసులో, అమెరికా వచ్చాడు. 1880 నుంచి 1920 మధ్య ఇటలీ నుంచి నలభై లక్షల మందికి పైగా అలా అమెరికా వెళ్ళారు. ఎక్కువమంది దక్షిణాది పేదలు. న్యూ హేవెన్‌లో చాలామందికి తాళాలు, ఇనప సామాను చేసే సార్జెంట్ కంపెనీలో పని దొరికింది. పెపే హోటలు పెట్టకముందు బేకరీ పని కూడా చేశాడు. టమాటా రొట్టెలు తల మీద పెట్టుకుని బజారులో తిరిగి అమ్మేవాడని చెబుతారు. తర్వాత అదే పొయ్యి చుట్టూ జనం కూర్చోవడం మొదలైంది, హోటలైంది. 1938లో ఆయన మేనల్లుడు అదే వీధిలో ఇంకో పిజ్జా హోటలు పెట్టాడు. అదీ ఇప్పటికీ ఉంది. ఆ వీధిలో పాతకాలం వాళ్ళు పిజ్జా అనరు, 'ఆబీట్స్' అంటారు. నేపుల్స్ పల్లె యాస అలాగే మిగిలిపోయింది. మన క్యాంపుల్లో ముసలివాళ్ళ గోదావరి యాస మిగల్లేదూ, అలాగన్నమాట.

నేపుల్స్‌లో పిజ్జా ఒకప్పుడు కూలివాళ్ళ తిండి. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఇటలీలోనే చాలా ఊళ్ళ వాళ్ళకి అది పెద్దగా తెలియదు. 2017లో అదే నేపుల్స్ పిజ్జా చేసే విద్యని యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో పెట్టింది. ఇంత మాట విన్నాక నాకు వెంటనే గుర్తొచ్చింది మన గోరేబాళ రోడ్డు మీద హోటలు, ఆ నల్లటి బాణలి, పైన తాటాకుల కప్పు. బల్ల మీద చెయ్యేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. "ఏమైందమ్మా?" అంది. "ఏం లేదు, ఇంట్లో అందరం కలిసి కూర్చుని తింటున్నాం కదా అని" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో చివర్లో చెబుతాను. ముందు మన హోటలు అక్కడికెలా వచ్చిందో చూద్దాం.

గోరేబాళ రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఉంది. నల్లరేగడి నేల. కాలువ రాకముందు ఇది జొన్నల సీమ. వానొస్తే పంట, లేకపోతే వలస. 1956 దాకా ఈ జిల్లా హైదరాబాదు రాజ్యంలో ఉండేది. ఆ ఏడు నవంబరు 1న రాష్ట్రాలు భాషల వారీగా విడిపోయినప్పుడు గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి, మిగతా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంటే మనం రాకముందు కూడా ఈ జిల్లాలో తెలుగు మాట ఉంది. "మనమే తెలుగు తెచ్చాం" అని మా నాన్నగారు గొప్పగా అనేవారు, అది పూర్తిగా నిజం కాదు.

తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలైంది. కుడి పక్క మద్రాసు ప్రభుత్వం, ఎడమ పక్క నిజాం ప్రభుత్వం. 1953లో కాలువలకి నీళ్ళొదిలారు. ఎడమ కాలువ రెండొందల ఇరవై కిలోమీటర్లకి పైగా పొడుగు, గంగావతి, సింధనూరు మీదుగా రాయచూరు వైపు పోతుంది. నీళ్ళయితే వచ్చాయి గానీ తడి సేద్యం ఇక్కడి రైతులకి కొత్త. నేల చదును చెయ్యాలి, గట్లు వెయ్యాలి, పెట్టుబడి పెట్టాలి. అప్పుడే గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మన వాళ్ళు రావడం మొదలైంది. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాలు వచ్చేవి. ఊళ్ళకి దూరంగా, పొలాల మధ్యే గుడిసెలు వేసుకున్నారు. అవే క్యాంపులు. ఇప్పుడు మేడలొచ్చినా పేరు మాత్రం క్యాంపే.

మా తాతయ్య తణుకు దగ్గర నుంచి ముందుగా వచ్చారు. మేమంతా 1964లో వచ్చాం. నాకప్పటికి ఆరేళ్ళు. రైల్లో గుంతకల్లు మీదుగా వచ్చి, తర్వాత బస్సు, ఆ తర్వాత ఎడ్లబండి. దిగినరోజు చెట్టు కనబడలేదని మా నాయనమ్మ ఏడ్చింది. ఆ బండి ఆపింది ఈ హోటలు దగ్గరే. అప్పుడది తడికల పాక. మట్టి పొయ్యి, తుమ్మ కట్టెల మంట, ఒక బాణలి, రెండు బెంచీలు. ఆ పాకలో ఉన్నాయనని అందరూ అజ్జ అనేవారు, కన్నడంలో తాత అని. ఆయన మోదుగాకు డొప్పలో పచ్చగా, వేడివేడిగా ఏదో పెట్టి ఇచ్చాడు. నాయనమ్మ చూసి, "మరమరాలు తడిపేశారేంటర్రా, పాడైపోవూ?" అంది. మా వైపు మరమరాలంటే ఉండలు కట్టుకోవడానికో, సాయంత్రం ఉల్లిపాయ కలిపి నమలడానికో. నీళ్ళలో వేసి పోపు పెట్టడం మేమెప్పుడూ చూడలేదు.

అదే ఒగ్గరణి. కన్నడంలో ఒగ్గరణె అంటే తాలింపు. మరమరాలని ఇక్కడ మండక్కి అంటారు. చెయ్యడం చెప్పడానికి తేలిక, చేతికి రావడం కష్టం. మండక్కిని నీళ్ళలో వేసి వెంటనే తీసి పిండెయ్యాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ముద్దయిపోతుంది, తొందరపడితే లోపల అట్టలా ఉంటుంది. బాణలిలో నూనె, ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నూరిన ముద్ద, పసుపు. అందులో పిండిన మండక్కి వేసి గరిటెతో పైకీ కిందకీ తిప్పి నిమ్మకాయ పిండుతారు. చివరగా పుటాణి, అంటే వేయించిన శనగపప్పు పొడి, పైన చల్లుతారు. ఆ పొడి తడిని పీల్చుకుని దేనికది విడివిడిగా చేస్తుంది. పక్కన పొడుగు మిరపకాయ బజ్జీ. బజ్జీ కొరికి, ఆ మంట మీద ఒగ్గరణి నోట్లో పెట్టుకోవాలి. ఒకటి లేకుండా ఇంకొకటి తింటే అజ్జ ఒప్పుకునేవాడు కాదు.

పొయ్యి తెల్లవారుజామున నాలుగింటికి వెలిగేది. ఎందుకంటే నీళ్ళ వంతు రాత్రిళ్ళు కూడా వస్తుంది. తూము దగ్గర రాత్రంతా కాపలా ఉన్న రైతులు, నాట్లకి పోయే కూలీలు, మొదటి బస్సు ఎక్కేవాళ్ళు అందరూ అక్కడికే వచ్చేవారు. పదింటికల్లా బాణలి ఖాళీ. మళ్ళీ చెయ్యమంటే చేసేవాడు కాదు. పెపే హోటల్లో ఆ రోజు పిండి అయిపోతే మూసేసేవారని అమ్మాయి చెబితే, నాకు అజ్జ బోర్లించిన బాణలి కళ్ళ ముందు కనబడింది.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. కర్ణాటకలో హోటలు అంటే అందరికీ ఉడుపి వాళ్ళే గుర్తొస్తారు. 1924లో బెంగళూరులో మయ్య సోదరులు పెట్టిన చిన్న హోటలే తర్వాత ఎం.టి.ఆర్. అయింది. యుద్ధకాలంలో బియ్యం దొరక్కపోతే రవ్వతో ఇడ్లీ చేసింది వాళ్ళే. విజయవాడలో 1942 నుంచి ఉన్న బాబాయి హోటలు ఇడ్లీ గురించి మన పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. వీటికి పుస్తకాల్లో చోటుంది. మన ఒగ్గరణి హోటళ్ళకి లేదు. గంగావతి, కారటగి, సింధనూరు, రాయచూరు, బళ్ళారి, ఎక్కడికి వెళ్ళినా పొద్దున్నే రోడ్డు పక్కన ఉంటాయి. బోర్డు కూడా ఉండదు. ఉడుపి హోటలు ఊరికి ఒకటి రెండు, ఇవి మాత్రం ప్రతి మలుపులోనూ. ఈ సీమ పొద్దుటి పూట కడుపు నింపింది ఇవే.

ఇంకో తమాషా చూడండి. పెళ్ళయిన కొత్తలో కర్నూలు వైపు చుట్టాలింటికి వెళ్ళాం. పొద్దున్నే "ఉగ్గాని బజ్జీ తింటారా?" అన్నారు. తీరా పెడితే అది మా ఒగ్గరణే! బొరుగులు, పోపు, పప్పుల పొడి, బజ్జీ, అన్నీ అవే. కర్నూలు, అనంతపురం వాళ్ళు అది తమదంటారు. బళ్ళారి, రాయచూరు వాళ్ళు తమదంటారు. దావణగెరె వైపు సూస్లా అంటారు. నాకు తోచింది ఏమిటంటే, ఈ వంటకం భాషది కాదు, నేలది. వానలు తక్కువ ఉండే ఈ సీమంతటికీ ఒకటే తిండి, పైన రెండు భాషలు. గోదావరి నుంచి వచ్చిన మేమే దానికి కొత్తవాళ్ళం. మాకు తెలుగు తెలుసు గానీ ఉగ్గాని తెలియదు. అంటే రాయలసీమ తెలుగువాళ్ళ కంటే ముందు మాకు ఆ రుచి నేర్పింది ఒక కన్నడ అజ్జ.

పెపే కథకీ మన కథకీ తేడా ఇక్కడే ఉంది. ఆయన తన ఊరి తిండిని పరాయి దేశం తీసుకెళ్ళి నిలబెట్టాడు. మన వాళ్ళు కూడా తెచ్చారు, లేదనను. ఆవకాయ జాడీలు బండిలో వచ్చాయి, గోంగూర విత్తనాలు మా అమ్మ కొంగున కట్టుకుని తెచ్చింది. కానీ రోడ్డు మీద, నలుగురిలో తిన్నది మాత్రం ఇక్కడి తిండే. ఇంటి తిండి మమ్మల్ని గోదావరి వాళ్ళుగా ఉంచింది, హోటలు తిండి గోరేబాళ వాళ్ళని చేసింది. మా తాతయ్య కన్నడం నేర్చుకున్నది ఏ బడిలోనూ కాదు, ఆ బెంచీ మీదే. మొదట "బిసి", "ఖార", "సాకు". తర్వాత "నీరు బంతా?" అంటే నీళ్ళొచ్చాయా అని. నీళ్ళ మాట రానిదే ఇక్కడ ఏ మాటా పూర్తవదు.

ఆ బెంచీ మీద మంచి మాటలే కాదు, నిష్ఠూరాలూ నడిచాయి. ఈ కాలువ కింద ఎక్కువ భాగం జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పైర్లు వేయించాలని మొదట్లో లెక్క వేశారు. మన వాళ్ళకి వచ్చింది వరి. వరి వేశారు, లాభం చూశారు, చూసి ఇక్కడివాళ్ళూ వేశారు. పైన వరి పెరిగేకొద్దీ కాలువ చివర మాన్వి, రాయచూరు వైపు ఊళ్ళకి నీళ్ళు అందడం తగ్గింది. అటువైపు రైతులు బస్సు కోసం హోటల్లో కూర్చున్నప్పుడు, "నీరెల్ల నీవే కుడిదరె నమగేను?" అనేవారు. నీళ్ళన్నీ మీరే తాగేస్తే మాకేం మిగుల్తుంది అని. తాతయ్య బదులు చెప్పేవారు కాదు. డబ్బులిచ్చి లేచి వచ్చేసేవారు. సోనా మసూరి బియ్యం గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ మాట కూడా మనం గుర్తుంచుకోవాలి.

ఇక ఇంతవరకు ఎవరితోనూ చెప్పని సంగతికి వస్తాను. ఈ హోటలు తిండి నేను ఆరేళ్ళ నుంచీ తింటున్నాను. కానీ ఆ బెంచీ మీద కూర్చుని తిన్నది నాకు నలభై ఒకటో ఏట.

ఆడవాళ్ళు హోటల్లో కూర్చోరు, అంతే. ఎవరూ వద్దని బోర్డు పెట్టలేదు, ఎవరూ కూర్చోలేదు. చిన్నప్పుడు తాతయ్యకి ఒగ్గరణి తేవడానికి నన్ను పంపేవారు. గిన్నె పట్టుకుని పాక బయట వేపచెట్టు కింద నిలబడేదాన్ని. మా అమ్మ యాభై ఏళ్ళ పైన క్యాంపులో బతికింది. అజ్జ ఒగ్గరణి అంటే ఆవిడకి ప్రాణం. ఆవిడ చచ్చిపోయేదాకా తిన్నది చల్లారిన ఒగ్గరణే, ఇంట్లో, అందరికీ పెట్టాక మిగిలింది. బాణలిలోంచి అప్పుడే దించిన దాని రుచి ఆవిడకి తెలియదు.

నాతో పాటు చెట్టు కింద ఇంకొకరు నిలబడేవారు. మా పొలంలో పని చేసే ఒక దళితుడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఎండాకాలం నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు. నాకు గిన్నెలో ఒగ్గరణి వచ్చేది. ఆయనకి ఆకులో, కాస్త ఎత్తు నుంచి వేసేవారు. పాక గుంజకి ఒక గూడు ఉండేది. అందులో రెండు గ్లాసులు విడిగా బోర్లించి ఉండేవి. టీ తాగి ఆయనే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. 1955లోనే అంటరానితనం నేరమని చట్టం వచ్చింది. హోటళ్ళలోకి అందరికీ ప్రవేశం ఉండాలని రాజ్యాంగంలో 15వ అధికరణం అంతకుముందే చెప్పింది. మేము వచ్చింది ఆ చట్టం వచ్చిన తొమ్మిదేళ్ళకి. నేనప్పుడు అడగలేదు. అలాగే ఉంటుందనుకున్నాను, ఎందుకంటే మా ఇంటి పెరటి గోడ మీద కూడా ఒక సత్తు గ్లాసు అలాగే విడిగా బోర్లించి ఉండేది. కాబట్టి తప్పంతా ఆ హోటలు మీదికి నెట్టేసి నేను తప్పుకోలేను. ఆ గూడు ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు. పాక పోయి రేకుల షెడ్డు వేసినప్పుడు మళ్ళీ కట్టలేదు, అంతే. మా ఇంట్లో గ్లాసు కూడా అలాగే, ఎవరూ ఏమీ అనకుండానే మాయమైంది. ఎవరూ తప్పైంది అని అనలేదు. అన్న కూడా ఇప్పుడు లేడు.

1999లో మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకి సింధనూరు తీసుకెళ్ళాను. ఆఖరి పరీక్ష అయ్యాక మర్నాడు పొద్దున్నే తిరిగి వస్తూ బస్సు దిగాం. అమ్మాయికి ఆకలి. "ఇక్కడ కూర్చుని తిందాం" అంది. "ఇంటికి కట్టించుకుపోదాం" అన్నాను. "చల్లారిపోతుంది కదమ్మా" అని లోపలికెళ్ళి బెంచీ మీద కూర్చుంది. లోపల ఉన్న మగవాళ్ళు మాట ఆపి చూశారు. వాళ్ళలో మా వారి పెదనాన్న కొడుకు కూడా ఉన్నారు. నాకు చెమటలు పట్టాయి. అప్పటికి అజ్జ కొడుకు నడుపుతున్నాడు. ఆయన ఏమీ అనకుండా బల్ల తుడిచి, "కూత్కొళ్ళి అక్కా" అన్నాడు. కూర్చోండి అక్కా అని. కూర్చున్నాను. పొగలు కక్కుతున్న ఒగ్గరణి, బజ్జీ. ముప్పై అయిదేళ్ళు తిన్న తిండి నాకు కొత్తగా ఉంది. ఇంటికొచ్చాక మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి.

న్యూ హేవెన్‌లో ఆ బల్ల దగ్గర నేను అలా కూర్చుండిపోయింది ఇందుకే. అక్కడ ముసలమ్మలు, పసిపిల్లలు, కాలేజీ పిల్లలు, రంగు రంగుల మనుషులు పక్కపక్కనే కూర్చుని చేతులతో తింటున్నారు. వాళ్ళ దేశంలోనూ నల్లవాళ్ళకి హోటళ్ళలో బల్ల దక్కడానికి 1964 దాకా, పౌరహక్కుల చట్టం వచ్చేదాకా, ఆగాల్సి వచ్చింది. మేము బండి దిగిన ఏడే అది. పాత హోటలు బాగుంటుంది అని మనం ఊరికే అనేస్తాం. ఎవరికి బాగుండేది అని కూడా అడగాలి.

ఇప్పటి సంగతి. అజ్జ మనవడు నడుపుతున్నాడు. కట్టెలు పోయి గ్యాసు వచ్చింది, మోదుగాకులు పోయి స్టీలు ప్లేట్లు వచ్చాయి. బాణలి మాత్రం మారలేదు. నాలుగింటికి లేవడానికి మనిషి దొరకడం లేదని, తన పిల్లలు బెంగళూరులో ఉన్నారని, తన తర్వాత ఎవరూ ఉండరని చెప్పాడు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, మర్నాడు పొద్దున్న ఆ హోటల్లో నిలబడ్డానికి చోటు లేదు. కన్నడం వాళ్ళు, మన వాళ్ళు, బెంగాలీ శరణార్థుల ఆర్.హెచ్. క్యాంపుల నుంచి వచ్చినవాళ్ళు, అందరిదీ ఒకటే భయం. డ్యాములో నీళ్ళు పోతే అందరం పోతాం. పైవాళ్ళు, కిందివాళ్ళు అనే తేడా ఆ రోజు ఎవరూ తేలేదు. వారం రోజుల్లో అడ్డుపలకలు దించి నీళ్ళు ఆపారని తెలిసినప్పుడు అజ్జ మనవడు అందరికీ టీ ఇచ్చి డబ్బులు తీసుకోలేదు.

మన పిల్లల్ని ఒక్కటే కోరుతున్నాను. ఈసారి క్యాంపుకి వచ్చినప్పుడు ఒగ్గరణి ఇంటికి కట్టించుకు రాకండి. పొద్దున్నే లేచి అక్కడికే వెళ్ళండి. మీ అమ్మనీ, అత్తగారినీ, ఇంట్లో పని చేసే ఆవిడనీ కూడా తీసుకెళ్ళి, పక్కనే కూర్చోబెట్టుకుని తినండి. మండక్కి ఎంతసేపు నానాలో అజ్జ మనవణ్ణి అడిగి రాసుకోండి. అతను చెబుతాడు, నేను అడిగాను. "నోడి కలీబేకు అక్కా" అన్నాడు నవ్వి. చూసి నేర్చుకోవాలట. మా మనవడు పోయిన సంక్రాంతికి మూడు రోజులు వరసగా నాలుగున్నరకి లేచి వెళ్ళి ఆ పొయ్యి పక్కన నిలబడ్డాడు. మూడోరోజు వాడు చేసిన ఒగ్గరణి ముద్దయిపోయింది. అయినా అందరం తిన్నాం, అక్కడే కూర్చుని.